కదలని సైకిల్‌కి వాహనపూజ

ఆ రోజుల్లో నా భయాలన్నీ చిన్న చిన్నవి. వీధికుక్కంటే భయం, సూదిమందంటే భయం, మా ఓనర్ గొంతు సవరించుకుంటే భయం. నా చేతిపని మీద ఇంకో మనిషి ఎముకలు ఆధారపడి ఉంటాయన్న భయం మాత్రం ఇరవై ఏళ్లు వచ్చేదాకా నా దరిదాపులకు రాలేదు. వచ్చిన రోజు మాత్రం అన్నేళ్ల భయమూ కట్టగట్టుకుని ఒక్క మధ్యాహ్నమే వచ్చి పడింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ (నవ్వు రావడానికి చాలా ఏళ్లే పట్టింది లెండి), ఆ గురువారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మన్సూరాబాద్ దాకా నేను చేసిన ప్రయాణం పగవాడికి కూడా వద్దు.

ముందు నా సంగతి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో నేనూ బడీ పరస్పర అంగీకారంతో విడిపోయాం. దానికి నా మాటలు పడవు, నాకు దాని లెక్కలు పడవు. తర్వాత కొన్నాళ్లు మేనమామ పంక్చర్ దుకాణంలో టైర్లకు గాలి కొట్టి, ఆ అర్హత మీద దిల్‌సుఖ్‌నగర్‌లో వ్యాయామ సామాను అమ్మే ఒక దుకాణంలో ఫిట్టర్‌గా చేరాను. ట్రెడ్‌మిల్లులు, జిమ్ సైకిళ్లు డబ్బాల్లో ముక్కలు ముక్కలుగా వస్తాయి. కొన్నవాళ్ల ఇంటికి వెళ్లి వాటిని బిగించి, తొక్కేవాళ్ల ఎత్తుకు సరిపెట్టి రావడం నా పని. మా ఓనర్‌ది గుంటూరు వైపు. డబ్బాలో వచ్చే పుస్తకం ఆసాంతం చదవకుండా పానా ముట్టుకోకూడదని ఆయన పట్టుదల. అందుకే ఆయనకు మాన్యువల్ సార్ అని పేరు పెట్టాను (ఎదురుగా కాదు). పుస్తకం చదివావా అని ఆయన అడగడం, మొత్తం చదివిన సార్, లాస్టుకు హీరో సచ్చిపోతడు అని నేననడం రోజూ జరిగేది. ఆయన నవ్వేవాడు కాదు. "నోటికున్న స్పీడు చేతికుంటే బాగుపడుదువురా అబ్బాయ్" అని మళ్లీ తన పుస్తకంలోకి వెళ్లిపోయేవాడు.

కానీ నాకు పేరు తెచ్చింది ఆ నోరే. ఒకసారి నేను బిగించి వచ్చిన ఇంటివాళ్లు తమ బంధువులకు చెప్పేవాళ్లు, ఆ నవ్వించే పిల్లగాడినే పంపమని అడగండి అని. దాంతో నా ఉద్యోగం జనాన్ని నవ్వించడమనీ, మధ్యమధ్యలో నట్లు తిప్పడం దానికి అనుబంధ శాఖ అనీ నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది.

ఆ గురువారం పొద్దున నన్ను పంపిన ఇల్లు మన్సూరాబాద్‌లో ఒక కాలనీలో, రెండో అంతస్తులో ఉంది. పోచంపల్లి వైపు నుంచి వచ్చిన నేతవాళ్లు. ఇంటి పెద్దాయన ముప్పై ఏళ్లు మగ్గం మీద కూర్చుని, ఆ తర్వాత కొత్తపేటలో చీరల దుకాణం పెట్టాడు. ఇప్పుడది కొడుకు చూసుకుంటున్నాడు. ఆయన భార్యకు, అంటే నేను పెద్దమ్మా అని పిలిచిన ఆవిడకు, నాలుగు నెలల కిందట కుడి మోకాలు మార్చారు. ఇక సైకిల్ తొక్కొచ్చని డాక్టర్ చెప్పాడు, కానీ ఒక షరతు మీద. సీటు ఎత్తు సరిగ్గా ఉండాలి. కిందికి ఉంటే మోకాలు ఎక్కువ వంగుతుంది, ఆ మోకాలు అప్పుడే అంత వంగకూడదు. కోడలు డాక్టర్ చీటీని రెండుసార్లు చదివి వినిపించింది. రెండుసార్లూ తలూపాను.

పెద్దమ్మ జన్మలో సైకిల్ ఎక్కలేదు. వంటింటి గడప దగ్గర తలుపుచెక్క పట్టుకుని నిలబడి, నేను డబ్బాలోంచి ఒక్కో ముక్కా తీస్తుంటే పాములబుట్ట విప్పుతున్నట్టు చూసింది. అది పక్కకు ఒరుగుతుందా అని అడిగింది. జారుతుందా, కరెంటు కొడుతుందా, తొక్కుతుంటే దానంతట అదే ఉరుకుతుందా అని అడిగింది. బుద్ధున్నవాడైతే కూర్చోబెట్టి ఒక్కొక్కటీ విడమరిచి చెప్పేవాడు. నేను మాత్రం ఆ ప్రశ్నల్ని చూసి పండగ చేసుకున్నాను. బ్రేకు ఫెయిలైతే కిటికీలోంచి బయటపడి నాగోలు దాకా ఆగదన్నాను. మొన్న ఒకాయన అట్లాగే పోయాడని ఒట్టు కూడా వేశాను. హెల్మెట్ లేకుండా తొక్కితే ఎల్బీనగర్ చౌరస్తా నుంచి చలానా వస్తుందన్నాను. చివరికి ఆవిడ సీటు గురించి అడిగితే, "సీటు సంగతి నాకెర్కలేదు పెద్దమ్మా. కొన్ని నిలవడ్తయి, కొన్ని కూలవడ్తయి" అన్నాను. కోడలు పొట్ట పట్టుకుంది. పెద్దాయన తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. పెద్దమ్మ కూడా నవ్వింది, కానీ తలుపుచెక్క వదల్లేదు. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

ఆ ఊపులోనే, కొత్త బండి తెచ్చిన్రు గద, పూజ చేపియ్యరా అని ఇంకో మాట వదిలాను. నేనన్నది ఎగతాళికి. కానీ పొద్దుటి నుంచి నేను మాట్లాడిన వాటిలో ఆవిడకు అర్థవంతంగా తోచిన మాట అదొక్కటే. మొహం విప్పారింది. అవును గదా, మొన్న కొడుకు కారు తెస్తే చేయించలేదా, ఆ మాత్రం ఆలోచన ఇంట్లో ఒక్కరికీ రాలేదేమని అందరినీ కోప్పడింది. కోడలు కాలెండర్ చూసింది. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. కాబట్టి మూడు దాటగానే పూజ, ఆ వెంటనే పెద్దమ్మ సైకిల్ ఎక్కడం అని నిర్ణయం జరిగిపోయింది. చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలన్న సమస్య వచ్చింది. ఈ బండి నిమ్మకాయల మీదికి పోదు గనుక నిమ్మకాయలే దాని దగ్గరికి రావాలని నేను తీర్పు చెప్పాను. ఇక దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టాలి. దానికి దారం కోసం పెద్దాయన లోపలికి వెళ్లి, మగ్గం రోజుల నుంచి దాచుకున్న నల్ల నూలు ఉండ తెచ్చాడు. ఇది తెగే నూలు కాదు బిడ్డా అని గర్వంగా నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ సీటు గురించి ఒక్క ముక్క చెప్పకపోతే మీకు నా భయం అర్థం కాదు. సీటు కింద రాడ్డుకు వరసగా రంధ్రాలుంటాయి. ఆ రాడ్డు దిగే గొట్టానికి పక్కన ఒక నాబ్, దాని లోపల స్ప్రింగు మీద ఒక పిన్ను. నాబ్‌ను బయటికి లాగి, సీటును కావలసినంత లేపి, నాబ్ వదిలితే పిన్ను వెళ్లి రంధ్రంలో పడుతుంది. పడినప్పుడు ‘టక్’మంటుంది. ఆ తర్వాత నాబ్ తిప్పి బిగించాలి. సీటు మీద కూర్చున్న మనిషి బరువంతా మోసేది చిటికెన వేలంత కూడా లేని ఆ పిన్నే.

నేను నాబ్ లాగి, సీటు ఆవిడ నడుము ఎత్తుకు లేపి పట్టుకున్న ఆ క్షణంలోనే, ఈ దండ ఎక్కడ కట్టాలని పెద్దమ్మ అడిగింది. లాగి పట్టిన నాబ్‌కూ గొట్టానికీ మధ్య సన్నటి సందు కనిపించింది, అచ్చం దండ వేయడానికి చేసిన మెడలాగా. బండికి మెడ ఇదే అని చెప్పి, ఆ సందులో ఏడు చుట్లు చుట్టి, గట్టిగా ముడేశాను. నిమ్మకాయ అందంగా వేలాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ను వెనక్కి వెళ్లాల్సిన దారిలో తెగని నూలు ఏడు చుట్లు కూర్చుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు, ముఖ్యంగా ఫిట్టర్‌కి. కొత్త రాడ్డు, గొట్టంలో బిర్రుగా ఉంది కాబట్టి సీటు లేపినచోటే నిలబడింది. చేత్తో ఒకసారి కదిపి, టీ తాగి, ఇంకో రెండు జోకులు చెప్పి వచ్చేశాను.

మధ్యాహ్నం రెండుంబావుకి దుకాణంలో ఒకాయన సైకిల్ చూడటానికి వచ్చాడు. ఆయన ఎత్తుకు సీటు సర్దుదామని నాబ్ లాగి, రాడ్డు లేపి, వదిలాను. టక్‌మంది.

అంతే. మళ్లీ లాగి వదిలాను. టక్. మూడోసారి. టక్. వచ్చినాయన నేను సరుకు గట్టితనం చూపిస్తున్నాననుకుని మెచ్చుకోలుగా తలూపుతున్నాడు. నేను పొద్దుటి పనంతా మనసులో మొదటి నుంచి తిరగేస్తున్నాను. లేపాను, కట్టాను, చప్పట్లు కొట్టారు, టీ తాగాను. ఎక్కడా టక్‌మన్న చప్పుడు లేదు. ఆవిడ కూర్చుంటుంది, ఒక కాలు పెడల్ మీద కిందికుంటుంది, కుడికాలు పైకి ఉంటుంది, సీటు ఒక్కసారిగా దిగిపోతుంది. ఆ తర్వాతిది ఊహించబోయి కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే ఇంకా బాగా కనిపించింది.

వాళ్లింటికి ఫోన్ చేశాను. పెద్దాయన ఎత్తాడు. "పెద్దనాయినా, పెద్దమ్మను ఆ సైకిల్ మీద కూసోనియ్యకున్రి. సీటు కూలవడ్తది" అన్నాను. అవతల ఆయన నవ్వు మొదలైంది. స్పీకర్‌లో పెట్టి కోడలికి వినిపించాడు, ఆవిడా నవ్వింది. "పొద్దుగాల కిటికీలకెల్లి పోతదన్నవు, ఇప్పుడు కూలవడ్తదంటున్నవు. జర దమ్ము తీస్కో బిడ్డా" అన్నాడు. నిజంగా అన్నాను, ఒట్టన్నాను (పొద్దున నాగోలు దాకా పోయినాయన మీద వేసిన ఒట్టూ అదే). ఇంకోసారి నవ్వి, ఇప్పుడు నవ్వించకు, పూజకు తయారవుతున్నాం అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నా నోరు అంత బాగా పనిచేసిన రోజు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

మాన్యువల్ సార్‌కు చెప్పక తప్పలేదు. ఆయన అంతా విని, "టక్కుమందా?" అని ఒక్కటే అడిగాడు. యాదికి లేదు సార్ అన్నాను. ఆయన నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు, అనలేదు సార్ అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఎదురుగా ఉన్న పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఆయన పుస్తకం మూయడం నేను చూడ్డం అదే మొదలు, అది తిట్టుకంటే ఎక్కువ భయపెట్టింది. "ఆవిడది ఆపరేషనైన మోకాలు కదరా" అన్నాడు చిన్నగా. తాను ఫోన్ చేస్తూనే ఉంటానని, నన్ను పరిగెత్తమని చెప్పాడు. ఆయన మాటకు నేను ఎదురు మాట అనకపోవడం కూడా అదే మొదలు.

మెట్రో కొత్తగా వచ్చిన రోజులవి. రైలు చల్లగా, నిదానంగా, లోకంలో ఏ సీటూ ఎప్పుడూ ఊడిపోదన్నంత ధీమాగా నడుస్తోంది. చైతన్యపురిలో తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. విక్టోరియా మెమోరియల్‌లో తెరుచుకున్నాయి, ఎవరూ ఎక్కలేదు, అయినా వాటికి తొందరేమీ లేదు. ఎదురుగా చేతికర్రతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నేను ఆవిడ మోకాళ్ల వంకే చూస్తున్నానని ఆవిడ సంచి ఎత్తి ఒళ్లో పెట్టుకునేదాకా నాకే తెలియలేదు. గడియారం చూస్తే రెండూ ముప్పై ఎనిమిది. అప్పుడు నాకు లోకంలో ఉన్న ఒకే ఒక్క అండ గుర్తొచ్చింది. రాహుకాలం. మూడు దాటితే గానీ వాళ్లు ఆ సైకిల్‌ను ముట్టుకోరు. అందరూ తప్పించుకు తిరిగే ఆ రాహుకాలానికి మనసులోనే దండం పెట్టి, స్వామీ, ఇంకో అరగంట సాగు, అని వేడుకున్నాను. ఆయనకు అట్లాంటి మొక్కు అంతకుముందు ఎవరూ మొక్కి ఉండరు.

ఎల్బీనగర్‌లో దిగి పరిగెత్తితే, మన్సూరాబాద్ వెళ్లే షేరింగ్ ఆటో నిండితే గానీ కదలనంది. నేనొక్కడినే ఉన్నాను. డ్రైవర్ బీడీ ముట్టించుకుని నా మొహం చూసి, ఎవరికైనా సీరియస్సా తమ్మీ అని అడిగాడు. "ఇంక గాలేదన్నా" అన్నాను. ఆ జవాబులో ఏం వినిపించిందో ఏమో, బీడీ పారేసి బండి తీశాడు. అయినా కాలనీ మొదట్లో ఒక నీళ్ల ట్యాంకర్ అడ్డంగా నిలబడి వెనక్కి వస్తోంది. దాని వెనక ఒకాయన రా రా అంటున్నాడు. అది రావడం లేదు. ఆటోలోంచి దూకి పరిగెత్తాను. మూడు దాటి అయిదు నిమిషాలైంది. రాహువు తన పని చూసుకుని వెళ్లిపోయాడు.

మెట్లెక్కుతుంటే పైన గంట మోగింది. మొదటి అంతస్తు దాటుతుండగా ‘ఫట్’మని ఒక పగిలిన చప్పుడు. అక్కడే గోడకు ఆనుకుపోయాను. అది కొబ్బరికాయ అయి ఉంటుందన్న ఆలోచన నాకు ముందుగా రాలేదు మరి.

తలుపు తీసే ఉంది. హాలు మధ్యలో సైకిల్, ఒళ్లంతా పసుపు, కుంకుమ బొట్లు. పెద్దాయన చేతిలో హారతిపళ్లెం. కోడలు దుకాణంలో ఉన్న భర్తకు వీడియో కాల్‌లో అంతా చూపిస్తోంది. పెద్దమ్మ సైకిల్ ఎక్కి ఉంది.

ఎక్కి ఉంది గానీ కూర్చోలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని, ఎడమకాలు కింది పెడల్ మీద పాతేసి, సీటు అంచుకు ఆనీ ఆననట్టు ఉంది. పొద్దున నేను ఏ భయాన్ని చూసి అంతలా నవ్వానో ఆ భయమే ఆవిడ బరువు సీటు మీద పడకుండా అప్పటిదాకా ఆపి ఉంచింది. కోడలు మాత్రం, పూర్తిగ కూసో అత్తమ్మా, వీడియోల మంచిగ రావాలె అంటోంది. కుడి మోకాలు పైకే ఉంది.

"కూసోకు పెద్దమ్మా. కదలకు" అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. కోడలు ఫోన్ నా వైపు తిప్పి, అగో, కామెడీ పిలగాడు మల్లొచ్చిండు అని భర్తకు చూపించింది. ఫోన్‌లోంచి ఆయన కూడా నవ్వాడు. సీటు పిన్ను పడలేదన్నాను. ఇంకా నవ్వారు. నేను ఏ మాట పట్టుకున్నా అది పొద్దున వాడేసిందే. కూలుతుందన్న మాట వాడేశాను, ఒట్టు వాడేశాను, నిజం అన్న మాట కూడా మిగల్చలేదు. ఇక మాట్లాడి లాభం లేదని తెలిసిపోయింది. వెళ్లి సైకిల్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, సీటు కింద రాడ్డును రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. సీటు దిగితే నా వేళ్లు గొట్టానికీ సీటుకీ మధ్య నలిగిపోతాయని తెలుసు. తీయలేదు. అది ధైర్యం కాదు, ఇంకేం చేయాలో తోచలేదు.

పెద్దమ్మ కళ్లు తెరిచింది. కిందికి, నా చేతుల వైపు చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"ఆగున్రి" అంది. "పోరడు నవ్వుతలేడు. చేతులు సూడు ఎట్ల వణుకుతున్నయో. నేను పొద్దుగాల నుంచి గిట్లనే ఉన్న, నాకెర్క లేదా."

నవ్వులు ఆగిపోయాయి. బరువంతా ఎడమకాలి మీదే ఉంచమని, పెద్దాయన భుజం పట్టుకుని కుడికాలు మెల్లగా నేల మీదికి దించమని చెప్పాను. ఆయన హారతిపళ్లెం కింద పెట్టేసి వచ్చి భుజం ఇచ్చాడు. ఆవిడ దిగడానికి పట్టిన సమయంలో నేను దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి మళ్లీ వచ్చి ఉండొచ్చు. రెండు కాళ్లూ నేలకు ఆనాక, నేను లేచి సీటు మీద చేత్తో నొక్కాను. కదల్లేదు. పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. ఈసారి సీటు మీద ఛాతీ ఆనించి ఒళ్లంతా వేశాను. రాడ్డు జారింది. సీటు ధడేల్‌మని అడుగుదాకా దిగిపోయింది, దాంతోపాటు నేనూ. నిమ్మకాయ ఊగుతూ ఉండిపోయింది. ఫోన్‌లోంచి కొడుకు, ఏం సప్పుడది, ఏమైంది అని అడుగుతున్నాడు.

పెద్దాయన వచ్చి ముడి మీద వేలు పెట్టి చూశాడు. నా నూలు తెగలేదు, నువ్వే దాన్ని కట్టగూడని జాగల కట్టినవు అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. ఇక దీన్ని తీస్కపో, నువ్వు గూడ పో అన్నాడు. పానా తీశాను. నట్టు మీద పానా నిలబడటం లేదు. పెద్దమ్మ దీవాన్ మీద కూర్చుని మోకాలు రాసుకుంటూ నన్నే చూస్తోంది.

"ఎందుకొచ్చినవ్ మల్ల?" అని అడిగింది.

"భయమైంది పెద్దమ్మా."

"ఎవలికి? మీ సేటుకా?"

"మీ మోకాలికి."

"పొద్దుగాల నాకు భయమైతుందంటే మస్తు నవ్వినవ్ గద" అంది. కోపంగా అనలేదు. అట్లా అనకపోవడం వల్లే కాబోలు, ఇన్నేళ్లకూ ఆ మాట ఆ గొంతుతోనే వినిపిస్తుంది.

అప్పుడు ఆవిడ మొగుడి వైపు తిరిగి, ఉండనియ్యున్రి, ఇప్పుడు భయమంటే ఏందో తెల్సింది గద, ఇప్పుడైతే మంచిగ కడ్తడు అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఈసారి నోరు మూస్కొని పెట్టు."

మూసుకున్నాను. పెద్దాయన కత్తెర తీసుకోనివ్వలేదు, ఆ ఏడు చుట్లూ తన గోళ్లతోనే విప్పి ఉండ చుట్టి లోపల పెట్టుకున్నాడు. నేను రాడ్డు మీది పసుపూ నూనే తుడిచాను. సైకిల్‌ను హాలు మధ్య నున్నటి బండల మీంచి గోడవైపు చాప మీదికి జరిపి, నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాయో లేదో ఊపి చూశాను, ఒక కాలు కింద మర తిప్పి సరిచేశాను. అంతా నోరు విప్పకుండానే. అయిదు నిమిషాలకే పెద్దమ్మకు ఆ మౌనం కూడా పడలేదు. ఏం చేస్తున్నావో చెప్పుకుంటూ చెయ్యి, తెలియకపోతే ఇంకా భయమైతది అంది. అప్పుడు మొదటిసారి నా నోటిని పని కోసం వాడాను. ఆవిడను సైకిల్ పక్కన నిలబెట్టి, సీటు నడుము ఎముక ఎత్తుకు రావాలని చెప్పి లేపాను. నాబ్ వదిలేముందు అందరినీ మాట్లాడొద్దన్నాను. టక్‌మంది. అయిదుగురం విన్నాం (ఫోన్‌లోని కొడుకుతో కలిపి). నాబ్ బిగించి, ముందు నేనెక్కి మూడుసార్లు ఎగిరెగిరి కూర్చున్నాను. తర్వాత పెద్దాయనను ఎక్కమన్నాను. ఆయన ఎక్కి, కాళ్లు రెండూ పెడళ్ల మీద పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి మగ్గం తొక్కినట్టే మెత్తగా తొక్కి, దిగి, ఊఁ అన్నాడు.

తర్వాత పెద్దమ్మ. కింది పెడల్ మీద కాలున్నప్పుడు మోకాలు పూర్తిగా చాచుకుపోకూడదు, కొద్దిగా మడత ఉండాలి. పైకి వచ్చినప్పుడు ఛాతీ వైపు దూసుకు రాకూడదు. మొదట చూస్తే పైకి వచ్చినప్పుడు బిగుసుకుంటోంది. ఒక రంధ్రం లేపాను. మళ్లీ టక్. ఈసారి కింద కాలు అందుకోవడానికి నడుము పక్కకు ఒరగడం లేదు, పైన మోకాలూ నొప్పి పెట్టడం లేదు. వీపు వంగిపోకుండా హ్యాండిల్ దగ్గరికి తెచ్చాను. పాదాల మీద పట్టీలు వదులుగా, కానీ జారకుండా. లోడు సున్నాలో పెట్టాను, గాలిలో తిరిగినట్టు తిరగాలి. చీర కుచ్చిళ్లు పెడల్‌లో పడతాయని అనుమానం వచ్చి కోడలికి చెప్పాను. ఆవిడ అత్తగారి చీర పైకి దోపి, రెండు పిన్నీసులు పెట్టింది. వీడియో కాల్ మాత్రం అయిపోయింది. ఎవరు ఆపేశారో తెలియదు.

అంతా అయ్యాక పెద్దమ్మ నన్ను పిలిచింది. ఎనక నిలవడి సీటు పట్టుకోమంది.

ఆలోచించండి. అది నేల మీద నాలుగు కాళ్లతో నిలబడ్డ సైకిల్. ముందుకు పోదు, వెనక్కి పోదు, పక్కకు ఒరగదు. పిన్ను పడింది, నాబ్ బిగిసింది. దాన్ని పట్టుకోవాల్సిన అవసరమే లేదు. పొద్దున్నైతే ఈ ఒక్క కోరిక మీద నేను పది జోకులు చెప్పి ఉండేవాడిని. వెళ్లి వెనక నిలబడి, సీటు రెండు చేతులతో పట్టుకున్నాను. "ఇడువకు" అంది ఆవిడ. మొదటి చుట్టు సగంలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. కుడి మోకాలు మెల్లగా పైకి వస్తుంటే మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి దాన్నే చూశాం. వచ్చింది, దాటింది, దిగింది. రెండో చుట్టు. అయిదో చుట్టుకి ఆవిడ వెనక్కి తిరక్కుండానే, ఇడిసినవా అని అడిగింది. ఇడువలే అన్నాను. సైకిల్ నేర్పేవాళ్లు ఈ జవాబు అబద్ధంగానే చెబుతారు. నేను మాత్రం ఆ రోజు నిజమే చెప్పాను. డాక్టర్ చెప్పిన పది నిమిషాలూ అయ్యేదాకా, భుజాలు లాగుతున్నా, వదల్లేదు.

ఇప్పుడు నాకూ పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, నా చేతి కింద పనిచేసేవాళ్లు వెనకాల నాకేం పేరు పెట్టుకున్నారో నాకు తెలియదు గానీ పెట్టుకునే ఉంటారు. ఏ ఇంట్లో సైకిల్ బిగించినా మొదటిసారి తొక్కేవాళ్ల వెనక నిలబడి సీటు పట్టుకుంటాను. కంప్యూటర్ ఉద్యోగాల కుర్రాళ్లయితే తెగ నవ్వుతారు, ఇదేడికి పోతదన్నా, ఇడిసిపెట్టు అంటారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. నాకు ఇరవై ఏళ్లున్నప్పుడు వీళ్లకంటే బాగా నవ్వేవాడిని అనుకుంటాను, ఆ కుర్రాడి మీద కాస్త జాలేస్తుంది, కాస్త ముద్దొస్తుంది. ఈలోగా రెండు చుట్లు తిరుగుతాయి, నవ్వు తగ్గుతుంది, ఇంట్లో మిగతావాళ్లకు వినపడనంత చిన్నగా ముందునుంచి ఒక ప్రశ్న వస్తుంది, పట్టుకున్నవా అన్నా, అని.

పట్టుకున్న, తొక్కు, అంటాను.